చంక కుట్టు తెగిన కోటు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు.

బట్ట కత్తిరించే పెద్ద బల్ల మీద జువో హెంగ్‌ఫూ మాస్టారు వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

ఒంటి మీద నల్ల ఉన్ని కోటు. నిలువు కాలరు, నాలుగు జేబులు, ఐదు గుండీలు. గొంతు దగ్గర కొక్కెం కూడా పెట్టి ఉంది. తలకు గుడ్డ టోపీ, కాళ్ళకు కొత్త గుడ్డ బూట్లు. మొహం మీద తెల్ల కాగితం.

ఇన్‌స్పెక్టర్ యింగ్ సూచిన్ కాగితం తీసింది. యూనిఫామ్‌లో ఉన్నా, పెదవులు బుద్ధుడి పేరు "అమితాభ" అని కదిలాయి.

మొహం ప్రశాంతంగా ఉంది. టోపీ తీస్తే మాత్రం తల వెనక లోతైన దెబ్బ. ఎవరో రక్తం శుభ్రంగా కడిగారు.

ఇస్త్రీ పెట్టెలు వేడిచేసే బొగ్గుల పొయ్యి అంచుకు నాలుగు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. పొయ్యిలో కాలిన చొక్కా ముక్క.

"తోసేశారు. తల పొయ్యికి కొట్టుకుంది. తర్వాత బట్టలు మార్చారు" అన్నాడు సబ్-ఇన్‌స్పెక్టర్ చీ. ఉత్తరాది మనిషి. ఈ ఏటి ఒడ్డు ఊళ్ళకు వచ్చి రెండేళ్ళు. ఇక్కడి ఉప్పు పీతలు ఇంకా నోట పెట్టలేడు.

"ఈ కోటు ఎక్కడిది?"

"చావు బట్టలట. మూడేళ్ళ కింద, అధిక మాసం వచ్చిన ఏడు, తనే కుట్టుకున్నాడట. కర్పూరపు చెక్క పెట్టెలో దాచుకున్నాడు."

గది మధ్యలో ఒక ఎత్తు పీట. దాని పక్కన వానకు పెట్టుకునే వెదురు టోపీ.

"పెట్టె అటక మీది నుంచి దించడానికి పీట వేసుకుని ఉంటారు" అన్నాడు చీ.

"పెట్టె మంచం కింద ఉంది."

"మరి టోపీ?"

సూచిన్‌కు కూడా అప్పుడేమీ తట్టలేదు. మూడు వారాలుగా చినుకు లేదు.

శవాన్ని మొదట చూసింది లౌ గుయిజెన్. యాభై రెండేళ్ళ విధవరాలు. మాస్టారి కొట్లో తన పందొమ్మిదో ఏటి నుంచి కాలర్లు కుట్టేది ఆమే. కాలరు నిలబెట్టడమంటే చిన్న పని కాదు. లోపలి కాన్వాసుకు గంజి పట్టించి, వందల టాకాలు వేసి, మెడ వంపుకు మలచాలి.

"నిన్న మాస్టారితో గొడవ పడ్డావట. వీధంతా విన్నారు" అంది సూచిన్.

"పడ్డాను."

"దేనికి?"

"గుడ్డకి. ఓడల యార్డులో రిటైరైన ముసలివాళ్ళకు కోట్లు రెండొందలు ఒప్పుకున్నాం. అసలైన ఉన్ని ఇస్తామని మాస్టారు నోటితో మాటిచ్చాడు. వచ్చిన తాన్లు ఉన్ని కాదు. చేత్తో పట్టుకోగానే తెలిసింది. ఈ గుడ్డకు నేను సూది పెట్టనన్నాను. నీకు చేతులు మొద్దుబారాయి అని అరిచాడు. నీకు ముక్కు మొద్దుబారింది, కాల్చి చూసుకో అని నేనూ అరిచాను."

"కాల్చాడా?"

"నేనుండగా కాల్చలేదు. ఐదింటికి ఇంటికి పోయాను."

సూచిన్ బల్ల మీది సిగరెట్ బూడిద పళ్ళెం చూసింది. బూడిదలో నల్లటి గట్టి పూస, మిరియపు గింజంత. ఉన్ని కాలితే జుట్టు కాలిన వాసన వేసి పొడి అవుతుంది. నైలాను కలిసిన దారం కరిగి ముద్ద కడుతుంది.

ఐదు తర్వాత మాస్టారు కాల్చి చూశాడు. తెలుసుకున్నాడు.

"తాన్లు ఎవరు దింపుకున్నారు?"

గుయిజెన్ తల దించుకుంది. "లారీ వచ్చినప్పుడు కొట్లో నేనే ఉన్నాను."

మధ్యాహ్నం బస్సులో మాస్టారి కొడుకు దిగాడు. జువో లీషెంగ్. ముప్పై ఐదేళ్ళు. వెడల్పాటి భుజాలు. ఒంటి మీద పొడుగు టై, పాశ్చాత్య సూటు. ఆ ఏడు ఊరు ఊరంతా అలాంటి సూట్లకే ఎగబడుతోంది. గుడ్డ కొనడం, ఆర్డర్లు తేవడం అతని పని.

"హాంగ్‌చౌ నుంచేనా?" అడిగింది సూచిన్.

"అవును, కామ్రేడ్ యింగ్. మొన్న వెళ్ళాను. మిల్లు వాళ్ళతో మాట్లాడడానికి."

"తాన్లు మారాయి."

"నేను పంపింది ఉన్నే. దారిలో మారాయో, దింపుకున్నాక మారాయో..." అతను ఆగాడు. "గుయిజెన్ పిన్నిని నేనేమీ అనను. నాన్నకు ఎలాంటి దెబ్బ తగిలింది?"

"తల వెనక."

అతను గోడకు ఆనుకుని పిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అదే సూచిన్‌ను ఇబ్బంది పెట్టింది.

సాయంత్రానికి పై ఆఫీసరు ఫోన్ చేసి తన లెక్క చెప్పాడు. గుడ్డ మార్చింది గుయిజెన్. పట్టుబడింది. తోసేసింది. భయపడి, పశ్చాత్తాపంతో శవానికి బట్టలు తొడిగింది. పెట్టె ఎక్కడుందో తెలిసిన మనిషి ఆమే. రేపు మూడింటికి జిల్లా జైలుకు పంపండి.

చీ అప్పటికే కాగితాలు నింపుతున్నాడు.

"నువ్వు నమ్ముతున్నావా?" అడిగింది సూచిన్.

"నమ్మకపోవడానికి ఏముంది మేడమ్? వీధంతా సాక్ష్యం."

సెల్లో గుయిజెన్ అన్నం ముట్టలేదు. "నా చిన్నదానికి వచ్చే నెల నిశ్చితార్థం" అని ఒక్క మాటే అంది. జైలు బండి ఎక్కిన తల్లి కూతుర్ని ఈ ఊళ్ళలో ఎవరు చేసుకుంటారు? సూచిన్‌కు ఇద్దరు కూతుళ్ళు.

మర్నాడు పొద్దున డాక్టరు మాస్టారి బట్టలు మూటకట్టి పంపాడు. లోపలి చొక్కా, దూది కోటు, పైన నల్ల కోటు. మూడింటి చేతులూ ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. విడివిడిగా రాలేదు. ఒక్క బట్టలా ఊడి వచ్చాయని డాక్టరు చీటీ మీద రాశాడు.

సూచిన్ నల్ల కోటు విప్పి వెలుతురుకు పట్టుకుంది.

వెనక భాగం ఒకే ముక్క. ఈ కోటుకు వీపు మీద కుట్టు ఉండదు. చేతులు అతికిన చోట, వెనక వైపు, రెండు చంకల కుట్లూ అంగుళం మేర పుటుక్కుమని తెగి ఉన్నాయి. చుట్టూ గుడ్డ సాగింది.

"పెనుగులాటలో తెగాయి" అన్నాడు చీ.

"కోటు మీద రక్తం చుక్క ఉందా?"

"లేదు."

"అంటే చనిపోయాకే తొడిగారు. చనిపోయినవాడు పెనుగులాడతాడా?"

చీ గడ్డం గోక్కున్నాడు. "గట్టిగా లాగి తొడిగుంటారు."

"మాస్టారు వెదురు కర్రలా ఉంటాడు. ఆయన కొలతకు ఆయనే కుట్టుకున్న కోటు. ఆయన భుజాలకు ఇలా తెగదు. గుయిజెన్ ఆయన కన్నా చిన్న మనిషి."

"మరి ఎవరి భుజాలకు తెగింది? చావు బట్టలు బతికున్నవాడు ఎవడు వేసుకుంటాడు మేడమ్? దొంగ కూడా వేసుకోడు."

సూచిన్ చెయ్యి కోటు మీదే ఆగిపోయింది.

"చీ, ఫొటోలు తియ్యి. తర్వాత నాకు నల్ల దారం, సూది తెప్పించు."

కుట్టు తనే వేసింది. వేస్తున్నంతసేపూ మనసు బాగాలేదు. ఇంట్లో కువాన్‌యిన్ అమ్మవారి పటం ముందు రోజూ దీపం పెట్టే మనిషి ఆమె. తండ్రికి కొడుకు చేసే కర్మను వలలా పన్నవచ్చా? పాపం కాదా? సెల్లో ఉన్న మనిషిని తల్చుకుంది. దారం కొరికి ముడి వేసింది.

ఒంటిగంటకు జువో వాళ్ళ ఇంటి హాల్లో జనం. శవాన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. మాస్టారి అన్న హెంగ్‌తాయ్, ఎనభై ఒక్క ఏళ్ళు, పెద్దరికం చేస్తున్నాడు. లీషెంగ్, అతని భార్య, ఆరేళ్ళ కూతురు ముందు వరసలో ఉన్నారు.

సూచిన్ బట్టల మూట పెద్దాయనకు అందించింది. "పరీక్ష అయిపోయింది తాతా. ఇంక తొడగొచ్చు."

"మంచిపని చేశావమ్మా." ముసలాయన గొంతు సవరించుకున్నాడు. "మొన్న ఆ ఆడమనిషి తొడిగింది లెక్కలోకి రాదు. కన్నకొడుకు తొడగాలి. ఒరేయ్ లీషెంగ్, రా. పీట ఎక్కు. టోపీ ఎవరి దగ్గరుంది?"

ఎవరో వెదురు టోపీ తెచ్చారు. చీ కళ్ళు పీట మీద, టోపీ మీద, మళ్ళీ పీట మీద పడ్డాయి.

లీషెంగ్ కదల్లేదు.

"ఏంరా?"

"పెదనాన్నా, ఇవన్నీ ఇప్పుడు అవసరమా? కాలం మారింది."

"మారితే సూట్లు అమ్ముకో, ఎవడొద్దన్నాడు? టై కట్టుకుని ఊరేగు. ఇక్కడ పడుకున్నది మీ నాన్న."

నలుగురూ చూస్తున్నారు. లీషెంగ్ వచ్చాడు. ఒక పాదం పీట మీద పెట్టాడు. పెద్దాయన అతని తల మీద టోపీ పెట్టి, చొక్కా విప్పి పట్టుకున్నాడు.

అప్పుడు కూతురు తల్లి చెయ్యి వదిలించుకుని ముందుకొచ్చింది. "నాన్నా, తాత బట్టలు నువ్వు వేసుకుంటావా?"

లీషెంగ్ పాదం వెనక్కి తీశాడు. మొహం పాలిపోయింది.

"వద్దు. ఒకే చావుకి రెండుసార్లు చేస్తే ఆ చావు ఇంట్లో ఇంకొకర్ని తీసుకుపోతుంది. వద్దు పెదనాన్నా. నా బిడ్డ..."



ముసలాయన చేతిలో చొక్కా అలాగే ఉంది. "రెండుసార్లేమిట్రా? మొదటిసారి ఎప్పుడు చేశావు?"

లీషెంగ్ తల మీది టోపీ తీసేసి గోడ వైపు జరిగాడు.

సూచిన్ పాపను తల్లికి అప్పగించి, ఇద్దర్నీ లోపలికి పంపింది. తర్వాతే మాట్లాడింది. ఎక్కువగా చీ కోసం చెప్పింది. అక్కడున్న మిగతావాళ్ళకు సగం అప్పటికే అర్థమైంది.

"చీ, నువ్వు ఇక్కడివాడివి కావు. నేను ఇక్కడిదాన్నే అయినా మొదటిరోజు చూడలేకపోయాను. మా ఊళ్ళలో చావు బట్టలు శవానికి తిన్నగా తొడగరు. ముందు కొడుకు వేసుకుంటాడు. నేల తగలకుండా పీట ఎక్కుతాడు. ఆకాశం తగలకుండా టోపీ పెట్టుకుంటాడు. ఒకదాని మీద ఒకటి అన్నీ వేసుకుని, అన్నీ కలిపి ఒకేసారి విప్పుతాడు. కొడుకు ఒంటి వేడితో ఆ బట్టలు తండ్రి ఒంటి మీదికి వెళతాయి. అందుకే పీట. అందుకే వానలేని రోజు టోపీ. అందుకే మూడు బట్టలూ ఒక్కటిగా ఊడి వచ్చాయి."

"చంక కుట్టు?" అన్నాడు చీ.

"తండ్రి కొలతకు కుట్టిన కోటు. కొడుకు భుజాలు వెడల్పు. దూది కోటు మీద తొడిగి చేతులు ముందుకు చాచేసరికి కుట్టు తెగింది. మాస్టారికి కొడుకు ఒక్కడే. ఆ ఒక్కడూ ఆ సాయంత్రం హాంగ్‌చౌలో ఉన్నానన్నాడు."

లీషెంగ్ నేల మీద కూర్చుండిపోయాడు.

"ఆరున్నరకు వచ్చాను" అన్నాడు. "మర్నాటికి వద్దామనుకున్నాను, ఆ రోజే పని అయిపోయింది. నాన్న అగ్గిపుల్ల పట్టుకుని కూర్చున్నాడు. ఇది ఎవరు కొన్నారురా అన్నాడు. నేనే అన్నాను. ఆ గుడ్డయితేనే మిగులుతుంది నాన్నా, ముసలాళ్ళకు తేడా ఏం తెలుస్తుందన్నాను. నేను ముసలివాణ్ణి, నాకు తెలిసింది కదరా అన్నాడు. ఆ గుడ్డ తానును లాక్కుని పొయ్యిలో వేయబోయాడు. నేను తోశాను. అంతే. కావాలని కాదు. ఒక్కసారి తోశాను."

"తర్వాత?"

"ఏటి దారిన పారిపోదామనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన్నలా, రక్తపు చొక్కాతో వదిలి... పోలేకపోయాను. అన్నీ తొడిగాకే పక్క ఊరికి నడిచి, పొద్దున అక్కడ బస్సెక్కాను."

"తండ్రిని వదిలిపోలేకపోయావు" అంది సూచిన్. "గుయిజెన్‌ను మాత్రం వదిలేశావు."

అతను తల ఎత్తలేదు.

"రెండు గంటల్లో ఆమె జైలు బండి ఎక్కుతుంది. నీకు తెలుసు. పిన్ని అని పిలిచావుగా."

"చెబుదామనే అనుకున్నాను. అంత్యక్రియలు అయ్యాక."

హెంగ్‌తాయ్ ముసలాయన తమ్ముడి పక్కన చతికిలబడ్డాడు. దుప్పటి అంచు సర్దాడు. "అయితే తొడిగే పని అయిపోయినట్టే" అన్నాడు, ఎవరితోనూ కాదు. కొడుకు చేతుల మీదుగా జరగాల్సిందే జరిగింది. దాన్ని తలుచుకుని ఊరటపడాలో, ఏడవాలో ఆయనకు తెలియలేదు. సూచిన్‌కూ తెలియలేదు.

రెండున్నరకు ఆమె సెల్ తలుపు తీసింది.

"వెళ్ళు గుయిజెన్ అక్కా. అయిపోయింది."

"ఎవరు?"

చెప్పింది. గుయిజెన్ గోడ వైపు తిరిగింది. "వాడికి మొదటి చొక్కా కుట్టింది నేను" అంది. లేవలేదు.

"ఇంకేంటి అక్కా? మీ అమ్మాయి బయట ఉంది."

"ఇవాళ పొద్దున ఊరి మైకులో నా పేరు చెప్పారు. దొంగ, హంతకురాలు అన్నారు. స్తంభాల మీద హారన్లన్నీ మోగాయి. ఇక్కడికీ వినిపించింది." ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నన్ను ఊరికే వదిలితే ఏం లాభం? మైకులో అన్న మాటనూ వెనక్కి తీసుకోండి. అప్పుడు లేస్తాను."

చీ నవ్వబోయి ఆగాడు. "మేడమ్, అది ఊరి కమిటీ వాళ్ళ మైకు. అడగాలంటే కాగితం పెట్టాలి..."

సూచిన్ అప్పటికే వరండా దాటింది.

మైకు గదిలో కుర్రాడెవరో ఎరువుల ప్రకటన చదువుతున్నాడు. ఆమె అతన్ని లేపి, తను కూర్చుంది.

"లౌ గుయిజెన్ ఏ తప్పూ చేయలేదు. దొంగతనం చేయలేదు. మనిషిని చంపలేదు. ఇన్‌స్పెక్టర్ యింగ్ సూచిన్ చెబుతున్నాను. ఆమెను పట్టుకుపోయింది మేము. తప్పు మాది."

ఏటి మెట్ల మీద బట్టలుతికే ఆడవాళ్ళు నడుం ఎత్తి విన్నారు. నూడుల్స్ కొట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

గుయిజెన్ లేచింది. జుట్టు ముడివేసుకుంది. చొక్కా గుండీలు గొంతు దాకా పెట్టుకుంది.

బయట కూతురు ఆమె చెయ్యి పట్టుకుని ఏటి ఒడ్డు దారి వైపు లాగింది. అటు దగ్గర. జనం ఉండరు.

"అటెందుకే?" అంది గుయిజెన్. నడివీధి గుండా, తలుపుల్లో నిలబడిన ప్రతి మొహాన్నీ చూస్తూ, ఇంటికి నడిచింది.