ఆవకాయ జాడీలో పన్నెండు పేర్లు

"పెసరట్టు ఉందా?"

"ఉప్మా లేకుండా లేదు."

కోడ్ సరిపోయింది. బీసెంట్ రోడ్డు కాఫీ హోటల్లో మూల టేబుల్ దగ్గర సీక్రెట్ సర్వీస్ చీఫ్ వెంకటప్పయ్య మొహానికి అడ్డంగా పెట్టుకున్న పేపరు దించాడు. ఏజెంట్ సంజీవరావు ఎదురుగా కూర్చున్నాడు. అతని జేబులో పదిహేను రోజుల సెలవు చీటీ ఉంది. మూడేళ్లలో అది నాలుగోది. మొదటి మూడూ ఇలాంటి టేబుళ్ల దగ్గరే చచ్చాయి.

"నీ సెలవు..." అన్నాడు చీఫ్.

"క్యాన్సిల్. తెలుసు సార్. పని చెప్పండి."

"విదేశాల్లో ఉన్న మన మనుషులు పన్నెండుమంది పేర్లు శత్రువులు మైక్రోఫిల్మ్ తీశారు. ఇవాళ పదకొండూ ఇరవై మద్రాసు విమానంలో వెళుతోంది. ఆవకాయ జాడీలో. మద్రాసు రేవులో ఓడెక్కిందంటే పన్నెండుమందినీ మర్చిపోవడమే."

"తీసుకెళ్లేది?"

"మోనా. మన జీతమూ తీసుకుంటుంది, వాళ్ల జీతమూ తీసుకుంటుంది. ఆరు భాషలొచ్చు. ఫొటో లేదు. చూసినవాళ్లంతా అందగత్తె అన్నారు. అంతకుమించి ఒక్కడూ చెప్పి చావలేదు."

"ఆ పన్నెండుమందిలో లాజరు ఉన్నాడా సార్?"

"మూడో పేరు."

సంజీవరావు కాఫీ పక్కకి జరిపాడు. లాజరూ అతనూ ఒకే బ్యాచ్. ఇప్పుడు లాజరు పరాయి దేశపు రేవులో ఒక హోటల్లో వైన్ వడ్డిస్తూ గూఢచర్యం చేస్తున్నాడు. ఇద్దరూ కలిసి పాండిచ్చేరి వెళ్లాలని, పదిహేను రోజులు తినడం తాగడం తప్ప ఏ పనీ పెట్టుకోకూడదని, మూడేళ్లుగా ఉత్తరాల్లో ప్లాన్ వేసుకున్నారు. ఏ చేపకి ఏ వైనో లాజరు రాస్తే సంజీవరావు నోట్‌బుక్కులోకి ఎక్కించుకున్నాడు.

"విమానం ఆపించండి సార్."

"ఎవరమని చెప్పి? మన డిపార్ట్‌మెంటు ఉన్నట్టు ఎయిర్‌పోర్టులో ఎవరికీ తెలీదు." చీఫ్ ఒక కార్క్‌స్క్రూ అందించాడు. "నువ్వు వైన్ టూరిస్టువి. దీని పిడి తిప్పితే వైర్‌లెస్. పది నిమిషాల్లో మన జీపు వస్తుంది."

గన్నవరం ఎయిర్‌పోర్టులో దిగేసరికి సంజీవరావుకి అసలు చిక్కు తెలిసింది. అది మే నెల. పైగా రైల్వే సమ్మె. రైలెక్కాల్సిన కృష్ణా జిల్లా అంతా విమానమెక్కుతోంది, చంకలో ఆవకాయ జాడీతో. క్యూలో పదకొండు జాడీలు లెక్కపెట్టాడు.

ఆ పైన సెక్యూరిటీ. హైజాకింగ్ భయంతో కొత్తగా పెట్టిన తనిఖీ. కానిస్టేబుల్ ఏసుపాదం ఆ ఉద్యోగంలోకి వచ్చి నాలుగు రోజులు. దేశాన్ని తానొక్కడే కాపాడుతున్నట్టు వెతుకుతున్నాడు.

"ఇదేంటండీ?"

"సీసా బిరడా తీసేది."

"మొన తేలి ఉందండీ. డ్రైవరు మెడమీద పెడితే?"

"పైలట్ అంటారు."

"ఎవరిదైనా మెడ మెడేగదండీ." కార్క్‌స్క్రూ డబ్బాలో పడింది. రసీదు వచ్చింది. తర్వాత నోట్‌బుక్కు తెరిచాడు. "పీతలు, తెల్లది. మాంసం, ఎర్రది. ఇదేం కోడండీ?"

"నా సెలవండీ," అన్నాడు సంజీవరావు పళ్లు నూరుతూ. ఏసుపాదం అతన్ని వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, మూడుసార్లు తడిమాడు. సాక్సులో ఉన్న పిస్తోలు మాత్రం తగల్లేదు. ఇదీ మన భద్రత. సంజీవరావుకి ఒళ్లు మండిపోయింది. వైర్‌లెస్ పోయింది, టైము పోతోంది, లాజరు ప్రాణం ఏ జాడీలో ఉందో తెలీదు.

పదకొండూ ఐదు.

ఏసుపాదం జాడీల మీద పడ్డాడు. మూత తీసి, మణికట్టు దాకా చెయ్యి దించి, అడుగుదాకా కెలికాడు. కారం మంటెత్తితే పక్కనున్న బకెట్టు నీళ్లలో చెయ్యి ముంచాడు. ఆ తడి చేత్తోనే రెండో జాడీ పట్టుకున్నాడు.

అది ఉయ్యూరు మాణిక్యమ్మగారిది.

"నాయనా, తడి చెయ్యి పెట్టావా?" ఆవిడ గొంతు నిదానంగానే మొదలైంది. "ఏడాది పచ్చడి. చెమ్మ తగిలితే వారానికి బూజు. మా అల్లుడికి బూజు వడ్డించనా, నీ మొహం వడ్డించనా? తుడుచుకోడానికి గుడ్డ లేదా మీ గవర్నమెంటుకి?"

క్యూలో ఆడవాళ్లంతా జాడీలు గుండెలకి హత్తుకుని ఒక్కసారి అతని మీదకి లేచారు. ఏసుపాదం బిక్కచచ్చిపోయాడు. ఆ తర్వాత జాడీలో నాలుగు వేళ్లు పెట్టి తీసెయ్యడమే. అయినా ప్రతి జాడీకీ తిట్లు పడుతూనే ఉన్నాయి.

చివరి జాడీ, టికెట్టు మీది పేరు ప్రకారం, సీతారావమ్మది. మంగళగిరి నేత చీర, ముక్కున బేసరి, జడలో మల్లెలు. కంకిపాడులో పుట్టినట్టే మాట్లాడుతోంది.

"చూస్కో నాయనా, నీ డ్యూటీ నువ్వు చెయ్యి," అంది నవ్వుతూ. నీళ్లోడుతున్న వేళ్లు ఆవకాయలో దిగాయి. ఆవిడ నవ్వు చెదరలేదు. పైగా అతని చెయ్యి తుడుచుకోమని జేబురుమాలు ఇచ్చింది.

సంజీవరావు కంకిపాడులోనే పుట్టాడు. చిన్నప్పుడు తడి గరిటె పెట్టినందుకు వాళ్లమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. ఈవిడకి ఎవరో చీర కట్టడం నేర్పారు, భాష నేర్పారు, మల్లెలు ముడవడం నేర్పారు. కోపం ఎక్కడ రావాలో నేర్పలేదు. ఈవిడే మోనా.

పదకొండూ పదిహేను. మోనా విమానం మెట్ల దగ్గరికి చేరింది. పిస్తోలు తీస్తే తనే హైజాకర్. గుర్తింపు కార్డు లేదు. మిగిలింది ఏసుపాదం ఒక్కడే.

"కానిస్టేబుల్ గారూ, ఆవిడ జాడీ అడుగున కార్క్‌స్క్రూ ఉందండీ. నాదానికంటే పొడుగు."

ఏసుపాదం పరుగెత్తాడు. మోనా వారించేలోపే మోచేతిదాకా దించాడు. ఊటలోంచి వేలెడంత ఉక్కు గొట్టం పైకి వచ్చింది. మోనా లిప్‌స్టిక్ తీసి అతని గుండెకి గురిపెట్టింది. సంజీవరావు దూకి ఆ మణికట్టు పట్టుకు లాగాడు. ఏసుపాదం కంగారులో ఆవకాయ చేత్తోనే ఆవిడ మొహం నెట్టేశాడు. లిప్‌స్టిక్ పేలింది, విమానం టైరు దిగిపోయింది.

గొట్టంలో ఫిల్మ్ భద్రంగా ఉంది. పన్నెండు పేర్లూ ఉన్నాయి.

"ఎక్కడ తప్పు చేశాను?" కళ్లు మూసుకునే అడిగింది మోనా.

"తడి చెయ్యి, మేడమ్."

ఆవిడకి అప్పటికీ అర్థం కాలేదు. మాణిక్యమ్మగారు జాలిగా చూశారు.

వారం తిరక్కుండా లాజరుని వెనక్కి పిలిపించారు. ఇద్దరికీ సెలవిస్తూ చీఫ్ స్వయంగా సంతకం పెట్టాడు. లాజరు టెలిగ్రామ్ వచ్చింది: "వస్తున్నా. వైన్ నాది. కార్క్‌స్క్రూ నీది."

సంజీవరావు రసీదు పట్టుకుని గన్నవరం వెళ్లాడు.

"ఆయుధం కింద రాసేశానండీ, ఢిల్లీ పోయింది," అన్నాడు ఏసుపాదం. "దరఖాస్తు పెట్టుకోండి. మూడు నెలల్లో వస్తుంది."

"ఇంకోటి కొనుక్కుంటాలే."

"కొనుక్కోండి. విమానమెక్కేటప్పుడు ఇక్కడే ఇచ్చేద్దురుగాని."