ఏడుకొండలు ఎరుపు

2094 నాటికి విజయవాడ రోడ్ల మీద తిరిగే బండ్లకు సొంత రంగంటూ లేకుండా పోయింది. తనంతట తానే నడిచే గాజుబండిలోకి ఎక్కి కూర్చున్న మనిషి ఏ రంగు అడిగితే ఆ రంగులోకి మారుతుంది, అతను దిగి తలుపు వెయ్యగానే మళ్ళీ మంచినీళ్ళలా తేటపడిపోతుంది. బెంజి సర్కిల్ దగ్గర పొద్దున్నే నిలబడితే ఒకే బండి పావుగంటలో మూడు రంగులు మార్చడం చూడొచ్చు. అందువల్ల నలభై ఏళ్ళ లోపు వాళ్ళెవరికీ సొంత బండి రంగు వెలిసిపోవడమంటే ఏమిటో తెలియదు.

అయితే ఏడాదికి ఒక్కరోజు మాత్రం బందరు రోడ్డు మీద గాజుబండ్లను ఆపేసి పాత స్టీరింగు కార్లను వదులుతారు. ఆ రోజు కోసం జనం పిచ్చెత్తినట్టు ఎదురుచూస్తారు. పాత కార్లు బోలెడున్నాయి, కానీ వాటి రంగులే లేవు. స్టీరింగు కార్లకు కొత్త పెయింటు వెయ్యకూడదని 2047లోనే చట్టం వచ్చింది. ఎండకు పాలిపోయి, పొట్టు లేచిపోయిన కార్లు బారులు తీరి నడుస్తుంటే అది ఊరేగింపులా కాక ఆసుపత్రి వరండాలా ఉండేది.

ఈ చిక్కు విప్పడానికి పుట్టిందే డాక్టర్ కనకవల్లి తయారుచేసిన వన్నెతిప్పు యంత్రం.

ఆటోనగర్‌లో ఒక పాత షెడ్డే ఆమె ప్రయోగశాల. యంత్రం చూడడానికి దోమతెరలాగా ఉంటుంది. కారు మీద కప్పితే చాలు, తెరలోంచి కంటికి కనబడనంత చిన్న మరలు, కోట్లాది అణుమేస్త్రీలు, పెయింటు పొరలోకి దిగుతాయి. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు రంగు అణువుల్ని విరగ్గొడతాయే గానీ మాయం చెయ్యవు, ఆ ముక్కలన్నీ పొరలోనే పడి ఉంటాయి. అణుమేస్త్రీలు వాటిని ఏరి మళ్ళీ అతికిస్తాయి. ఎలా అతికించాలో తెలియడానికి కారులో ఎండ తగలని చోటు ఒకటి వెతుకుతాయి, తలుపు బీడింగు రబ్బరు కిందనో, పెట్రోలు మూత వెనకనో. దానికి కనకవల్లి పెట్టిన పేరు సాక్షిచుక్క. కొత్త రంగు ఒక్క బొట్టు కూడా వెయ్యదు కాబట్టి చట్టానికీ అభ్యంతరం లేదు.

పదకొండేళ్ళ కష్టం అది. షెడ్డు గోడ మీద ఆమె పెద్దక్షరాలతో రాయించుకుంది: "మనిషి మరచిపోతాడు, అణువు మరచిపోదు." చదివినవాళ్ళు బాగుందనేవాళ్ళు. ఆమె సహాయకుడు మస్తాన్ వలీ మాత్రం ఆ గోడ వైపు చూడకుండా తన పని చూసుకునేవాడు. డెబ్భై దాటిన మనిషి, చేత్తో కార్లకు పాలిష్ పెట్టడం తెలిసినవాళ్ళలో ఆటోనగర్‌కు మిగిలింది ఆయనొక్కడే.

యంత్రానికి అనుమతి ఇవ్వాల్సింది పాతబండ్ల మండలి. వాళ్ళ నిబంధన ఒక్కటే. నాలుగు కార్ల మీద పరీక్ష జరగాలి, వాటిలో ఒక్కదాన్నైనా యజమాని చూసి "ఇది నాకు గుర్తున్న రంగే" అని సంతకం పెట్టాలి.

మూడు కార్లు అయిపోయాయి. మూడింటికీ యజమానులు అడ్డంగా తల ఊపారు.

"మా కారు చిలకపచ్చ అమ్మా. ఈ నీలమేంటి? ఎవరి కారో తెచ్చి నా ముందు పెట్టారా?" అంది మూడో కారు యజమానురాలు కమలాక్షి గారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్, తప్పు కనిపిస్తే ఊరుకునే మనిషి కాదు.

కనకవల్లి కూడా ఊరుకునే మనిషి కాదు. "మా కొలతలు నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు సరిపోయాయి. చికిత్స కావలసింది మీ జ్ఞాపకానికి, నా యంత్రానికి కాదు" అని ఆవిడకు ఉత్తరం రాసి పారేసింది.

మండలి పరీక్షాధికారి నీలాంబరం గారు మెత్తటి మనిషి. "మేడమ్, ఒక దారుంది. యంత్రంలో లోపం ఉందని మీరే కాగితం మీద రాసిస్తే మూడు నెలలు గడువిస్తాం. లేదంటే నాలుగోది కూడా పోయిందంటే ఇక అంతే, దస్త్రం మూసేస్తాం" అన్నాడు.

"లేని లోపం ఉందని నేనెందుకు రాస్తానండీ? నాలుగో కారు నాదే పెడతాను. నా కారు రంగు నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు."

అది ఆమె తండ్రి ఏడుకొండలు కారు. ఈ ఆటోనగర్‌లోనే పాలిష్ పనిచేసి, ఆమెకు పన్నెండేళ్ళప్పుడు పోయాడు. ఆమె హాస్టల్‌కు వెళ్ళిపోయింది, ఆ పాత అంబాసిడర్ మాత్రం తండ్రితో కలిసి పనిచేసిన మస్తాన్ షెడ్డు బయట చిరుగుల పట్టా కింద ఉండిపోయింది. ఇప్పుడది నీళ్ళు తగిలిన సున్నంలా పాలిపోయి ఉంది గానీ, కనకవల్లి కళ్ళు మూసుకుంటే దానిమ్మగింజ ఎరుపు కనబడుతుంది. ఆదివారం తలంటు పోసుకుని, తడి జుట్టుతో వీధరుగు మీదికొస్తే, ఎండలో తళతళలాడుతూ ఎర్రకారు. ఆ పక్కన బనీను గుడ్డ భుజాన వేసుకుని నాన్న.

ఆమె నాన్న కారు పెడతాననగానే మస్తాన్ ముఖం మారింది.

"ఆ కారొద్దమ్మా వల్లీ. ఇంకోటి పెడదాం. గుణదలలో ఒకాయన దగ్గర మంచి బండుంది."

"ఎందుకు బాబాయ్? ఇంతకంటే గట్టి సాక్షి ఎవరున్నారు? నేనే కదా!"

"నువ్వేలే" అని మస్తాన్ తల దించుకుని గుడ్డ మడతపెట్టుకున్నాడు.

పరీక్ష నాడు నీలాంబరం గారు పది గంటలకల్లా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కనకవల్లి తెర దించి, "వన్నే, మొదలుపెట్టు" అంది. యంత్రాన్ని ఆమె పిలిచే పేరు అది.

"ముందుగా ఉపరితలం శుభ్రం చేస్తున్నాను" అంది యంత్రం. కాసేపటికి, "మురికి తొలగించాను. సాక్షిచుక్క దొరికింది. ఎడమ వెనక తలుపు, బీడింగు కింద. పని మొదలైంది."

నలభై నిమిషాలు తెర కింద అణుమేస్త్రీలు పని చేశాయి. కనకవల్లికి భయం లేదు, ఆనందమే. మళ్ళీ ఆ ఎరుపును చూడబోతున్నానన్న ఆనందం. సంతకం పెట్టాల్సిన కలం అప్పటికే చేతిలో పట్టుకుని ఉంది.

తెర లేచింది. లోపల నిలబడిన కారు ఇటుకరంగులో ఉంది.

చక్కగా, నున్నగా, మచ్చ లేకుండా ఉంది. కానీ ఇటుకరంగు. గోడౌన్ల తలుపులకు వేసేలాంటి మొద్దు రంగు.

"ఇది కాదు. వన్నే, తప్పు జరిగింది. మళ్ళీ చూడు."

"చూశాను. సరిపోలిక తొంభైతొమ్మిది పాయింట్ తొమ్మిది ఎనిమిది శాతం. తప్పు లేదు."

"ఉంది! ఈ కారు ఎర్రగా ఉండేది. ఎవరి కారనుకున్నావ్? నా కళ్ళతో చూశాను!"

ఆ మాట షెడ్డు గోడలకు తగిలి తిరిగి ఆమె చెవినే పడింది. మూడో కారు దగ్గర కమలాక్షి గారు కూడా ఇదే గొంతుతో, ఇలాగే అరిచింది. నీలాంబరం గారు మర్యాదగా గోడ మీది అక్షరాల వైపు చూడడం మానుకున్నాడు. కనకవల్లికి సిగ్గుతో ముఖం మండిపోయింది.

మస్తాన్ నెమ్మదిగా దగ్గరికొచ్చాడు.

"మిషను తప్పు కాదమ్మా. ఆ కారు ఏనాడూ ఎరుపు కాదు. మీ నాన్న కొన్ననాడు కూడా ఇదే ఇటుకరంగు, కాస్త పాలిపోయి ఉండేది. నీకప్పుడు ఐదేళ్ళు. చూడగానే కింద పడి దొర్లి ఏడ్చావ్. ఎర్రకారే కావాలన్నావ్. కొత్త పెయింటు వేస్తే పోలీసులు బండి పట్టుకుపోతారు. ఏం చేస్తాడు? పాత ఇళ్ళలో గచ్చుకి పూసే ఎర్రపాలిష్ తెచ్చి మైనంలో కలిపి రుద్దాడు. అది నిలిచేది వారమేగా. అందుకని మీ అమ్మ నీకు తలంటు పోసినంత సేపూ ఆయన బయట కారుకి రుద్దేవాడు. నువ్వు జుట్టు ఆరబెట్టుకోవడానికి వచ్చేసరికి తయారు. ఏడేళ్ళు, ఒక్క ఆదివారం తప్పలేదు. ఎండాకాలంలో మైనం కరిగి మోచేతుల దాకా ఎర్రగా కారేది."

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"చెప్పొద్దని మాట తీసుకున్నాడు తల్లీ. అయినా నువ్వెప్పుడు అడిగావని? నీకు అంతా తెలుసనేదానివిగా."

కనకవల్లికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, ఏదో తట్టినట్టు ఒక్కసారి ఆగిపోయింది. పదకొండేళ్ళు ఆ యంత్రాన్ని ముక్కముక్కగా కట్టింది తనే కదా.

"వన్నే, పని మొదలుపెట్టేముందు మురికి తొలగించానన్నావ్. ఎంత? ఏమిటది?"

"నలభైఒక్క గ్రాములు. తలుపు పిడుల లోపల, బంపరు మూలల్లో, పేరు అక్షరాల సందుల్లో దొరికింది. మైనం. అందులో ఎరుపు రంగు పొడి. మీ ఆదేశం ప్రకారం మురికి కింద నమోదు చేసి డబ్బాలో పోశాను."

"మూడో కారు మురికి?"

"నూనె కలిసిన పసుపు. ముఖ్యంగా బానెట్టు మీద. అనేక పూతలు, సుమారు వారానికొకటి."

నీలిరంగు కారుకి శుక్రవారం శుక్రవారం ఎవరో భక్తిగా నూనె, పసుపు కలిపి రాసేవారన్నమాట. నీలం మీద పసుపు పడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి డాక్టరేట్ అక్కర్లేదు. కమలాక్షి గారు చిన్నప్పుడు చూసింది నిఖార్సయిన చిలకపచ్చే. మిగిలిన రెండు కార్ల డబ్బాల్లోనూ ఇలాంటిదే ఏదో ఉండి ఉంటుంది. మూడు కార్లలోనూ మనుషుల చేతిపనినంతా మొట్టమొదట కడిగేసి, ఆ తర్వాత వాళ్ళకు మతిమరుపని నింద వేసింది తను. కడిగెయ్యమని యంత్రానికి చెప్పింది కూడా తనే.

నీలాంబరం గారు ఇబ్బందిగా కాగితం ముందుకు జరిపాడు. "మేడమ్, మీరు 'అవును' అని రాసినా కాదనేవాళ్ళు లేరు. కొలతలు సరిగ్గానే ఉన్నాయి కదా. యంత్రం బతుకుతుంది."

నిజమే. నిజం చెప్పే యంత్రాన్ని బతికించుకోవడానికి ఒక్క అబద్ధం చాలు. కనకవల్లి కలం పట్టుకుని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇది మీకు గుర్తున్న రంగేనా?" అన్న ప్రశ్న ఎదురుగా "కాదు" అని రాసింది. దాని కింద తయారీదారు గడిలో ఇలా రాసింది: "యంత్రంలో లోపం ఉంది. అది మురికినీ మమకారాన్నీ ఒకే డబ్బాలో పోస్తోంది. లోపం పెట్టినదాన్ని నేనే. మూడు నెలలు గడువు కోరుతున్నాను."

నీలాంబరం గారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, గడువు మంజూరు చేశాడు. ఆ సాయంత్రమే కనకవల్లి కమలాక్షి గారింటికి వెళ్ళి క్షమించమని అడిగింది. కనకవల్లి రాసిన ఉత్తరాన్ని ఆవిడ అప్పటికే ఎర్ర సిరాతో దిద్ది పెట్టుకుంది. దాన్ని చేతికిచ్చి, ఆ తర్వాత కాఫీ ఇచ్చింది.

మూడు నెలల్లో వన్నెతిప్పుకు రెండో మీట వచ్చింది. మొదటిది నొక్కితే కంపెనీ వేసిన రంగు వస్తుంది. రెండోది నొక్కితే, సందుల్లో మిగిలిన మైనాన్ని, పసుపును, మసిని చదివి, ఆ ఇంటివాళ్ళ చేతుల్లో కారు ఎలా మెరిసేదో అలా పూత పూస్తుంది. అది పెయింటు కాదు కాబట్టి చట్టం అడ్డు రాదు. ఈసారి కమలాక్షి గారు చిలకపచ్చ బానెట్టు చూసి, వాళ్ళమ్మే ఎదురుగా నిలబడ్డట్టు "అమ్మా" అని పిలిచి, సంతకం చేసింది. అనుమతి వచ్చింది.

ఆ ఏడు బందరు రోడ్డు మీద నూటపన్నెండు కార్లు నడిచాయి. అసలు రంగులు తిరిగి తేవడానికే పుట్టిన యంత్రం వన్నెతిప్పు. ఒక్కరంటే ఒక్కరు కూడా మొదటి మీట నొక్కించుకోలేదు. రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డ జనం ఆ దొంగరంగుల్ని చూసి ఆనందంతో కేకలు పెట్టారు. కనకవల్లి గోడ మీది అక్షరాల్ని తుడిచేయించింది. ఆ చోట ఏం రాయాలో ఆమెకింకా తోచలేదు, గోడ ఖాళీగానే ఉంది.

ఇక ఆమె సొంత కారు సంగతి. వన్నె దానికి రెండో మీటతో రెండు నిమిషాల్లో దానిమ్మగింజ ఎరుపు పూసింది. కొలతలన్నీ సరిపోయాయి. కనకవల్లి చుట్టూ తిరిగి చూసి, చాలాసేపు నిలబడి, "తీసెయ్" అంది.

మర్నాడు ఆదివారం. ఆమె తలంటు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని షెడ్డుకు వచ్చింది. మస్తాన్ అప్పటికే మైనంలో ఎర్రపాలిష్ కలిపి ఉంచాడు. ఆయన భుజం మీంచి బనీను గుడ్డ తీసుకుని, ఆమె ఇటుకరంగు బానెట్టు మీద రుద్దడం మొదలుపెట్టింది. పావుగంటకే చెయ్యి నొప్పెట్టింది, ఎరుపు మాత్రం అరచెయ్యంత మేరే వచ్చింది.

"అక్కడక్కడా చారలు పడుతున్నాయి. ఈ పూత వారం రోజులే నిలుస్తుంది. నేనైతే రెండు నిమిషాల్లో, పదేళ్ళు నిలిచేలా పూయగలను" అంది వన్నె.

"తెలుసు. కాస్త నీ తెర పక్కకు జరుపు, నాకు ఎండ తగలనివ్వు" అంది కనకవల్లి, మోచేతి దాకా ఎర్రబడ్డ చేత్తో మళ్ళీ రుద్దుతూ.