ఐలేశ్ ఎత్తిన చెయ్యి

"చేతులు కడుక్కున్నవా బ్రదర్?"

రేగొండ చర్చివాళ్ల ఉజ్జీవ సభల్లో, పుస్తకాల బల్ల దగ్గర, షారోను ఐలేశ్‌తో అన్న మొదటి మాట ఇదే. ప్రేమకథలో మొదటి మాట ఇంకాస్త తియ్యగా ఉంటే బాగుండునని మనకూ ఉంటుంది. ఏం చేస్తాం, అతని చేతులు అలా ఉన్నాయి మరి. పొద్దంతా తన మోటార్ వైండింగ్ షాపులో కాలిపోయిన బావి మోటార్లు విప్పి, రాగితీగ చుట్టి, "సభకు రాకుంటే బువ్వ పెట్ట" అని తల్లి యాదమ్మ బెదిరిస్తే అట్నుంచి అటే వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండక బల్ల మీది పుస్తకం ఒకటి తీశాడు. తెల్లటి అట్ట మీద అయిదు వేళ్లూ నల్లగా అచ్చుపడ్డాయి.

"కడుక్కున్న," అన్నాడు బింకంగా.

"ఎప్పుడు? బాప్తిస్మం తీస్కున్న నాడా?"

పక్కనున్న ముసలమ్మలిద్దరూ కిసుక్కుమన్నారు. ఐలేశ్ చొక్కా అంచుతో అట్ట తుడవబోయాడు.

"తుడిస్తే ఇంకింత పాకుతది. గిది నువ్వు కొనాల్సిందే."

"ఏం పుస్తకమిది?"

షారోను అట్ట తిప్పి చదివింది. "సంఘములో విధవరాండ్ర కూడికను నడిపించుట."

"నాకెందుకు గిది!"

"గా ముచ్చట ముట్టకముందు అడగాలె."

కొన్నాడు. కొనక చస్తాడా. కానీ ఇంటికి పోతున్నంతసేపూ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని పోయాడు. యాదమ్మ చూసి, కొడుకు మారుతున్నాడని ముక్కు చీదుకుంది.

షారోను సోమనర్సయ్య పాస్టర్‌గారి ఒక్కగానొక్క బిడ్డ. ఆయన ఈమధ్యే జనగామ నుంచి రేగొండ సంఘానికి మారివచ్చారు. ఐలేశ్ క్రిస్మస్‌కు తప్ప చర్చి ముఖం చూసే రకం కాదు కనుక ఆమెను అంతకుముందు చూడలేదు. ఆమె పుస్తకాల బల్ల సంగతి మాత్రం చెప్పుకోవాల్సిందే. వచ్చినవాళ్లు పాటల పుస్తకమో గోడ క్యాలెండరో కొంటారు. సంఘ జీవితం, ఉపవాసం, పెద్దల బాధ్యత, సంఘం మళ్లీ చిగురించడం, ఇలాంటి పుస్తకాలన్నీ ఊరూరూ తిరిగి మళ్లీ అదే పెట్టెలో పడుకుంటాయి. వాటన్నింటినీ చదివిన మనిషి ఆ చుట్టుపక్కల షారోను ఒక్కతే. ఎవరైనా ఒకటి కొంటే ఆమెకు ఆ రోజు పండగ.

రెండో రోజు ఐలేశ్ కిరసనాయిలుతో చేతులు తోముకుని, బడిపిల్లాడిలా చాచి చూపించాడు.

"ఇయ్యాల కడుక్కున్న. చూడు."

"చూసుడెందుకు, వాసనొస్తుంది. అగ్గిపుల్ల దగ్గరికి పోకు."

"మంచి పుస్తకం ఒకటియ్యి."

"నిన్నటిది చదివినవా?"

"చదివిన."

"ఏమున్నది దాంట్ల?"

ఐలేశ్ గొంతు సవరించుకున్నాడు. "విధవరాండ్రు ఉంటరు. వాళ్లు కూడుకుంటరు. మనం నడిపిస్తం."

షారోను మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు ఊగాయి.

"నవ్వినవ్!"

"దగ్గొచ్చింది."

"పండ్లన్నీ కనవడేటట్టు దగ్గుతరా ఎవ్వలన్న?"

"జరుగు బ్రదర్, వెనుక జనమున్నరు."

ఐలేశ్ వెనక్కి తిరిగి చూశాడు. కుక్కపిల్ల ఒకటి తోక ఆడిస్తూ కూర్చుంది. "ఎవ్వలు లేరు. జర బ్రదర్ అనకు, నీకు దండం పెడ్త."

"మరి ఏమనాలె?"

"ఐలేశ్ అను."

"ప్రభువునందు ఐలేశ్ బ్రదర్, జరుగు."

జరిగాడు కానీ, చేతిలో సంఘ ఉజ్జీవం మీద రాసిన లావుపాటి పుస్తకంతో జరిగాడు. అది షారోనుకు అన్నింటికన్నా ఇష్టమైనదట. అంతే, ఐలేశ్ పని అయిపోయింది. మోటారుకు తీగ చుడుతూ చుడుతూ నవ్వుకుంటుంటే రైతులు భయపడి తమ మోటార్లు రెండుసార్లు చూసుకున్నారు.

మూడో రోజు సన్నటి వాన. టెంటు మీద చినుకులు చిటపటమంటున్నాయి. షారోను బల్ల మీద కవరు కప్పుతోంది. ఐలేశ్ మగవాళ్ల వైపు ఆఖరి వరుసలో కూర్చుని, ముందున్న ప్రసంగీకుణ్ణి వదిలేసి మెడ మొత్తం వెనక్కి తిప్పి ఉన్నాడు.

"అందరూ తలలు వంచండి, కళ్లు మూసుకోండి," అన్నారు ప్రసంగీకులు. "పూర్తికాలం సంఘ సేవకు, నా బ్రతుకంతా పాస్టర్‌గా ఇచ్చేస్తాను అనేవాళ్లు చెయ్యెత్తండి."

అందరూ కళ్లు మూసుకున్నారు. ఐలేశ్ కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, చెవులే మూసుకున్నట్టున్నాయి, ఒక్క మాటా ఎక్కలేదు. సరిగ్గా అప్పుడే షారోను ఉపవాసం మీది పుస్తకం ఒకటి పైకెత్తి, 'నీకు ఉంచనా, కట్టెయ్యనా?' అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది.

ఉంచు, ఉంచు అని ఐలేశ్ చెయ్యెత్తి ఊపాడు.

"ఆమేన్! వెనుక ఒక చెయ్యి చూస్తున్నాను! ఇంకా పైకెత్తు నాయనా!"

ఐలేశ్ మెడ తిరిగేసరికి ప్రసంగీకుల వేలు సూటిగా తన మీదే ఉంది. ఆడవాళ్ల వైపు నుంచి గావుకేక వినపడింది.

"నా కొడుకే! దేవా, నా కొడుకే!"

చిన్నప్పుడు ఐలేశ్‌కు కామెర్లు వచ్చి చావు దాకా పోతే, బతికితే నీ సేవకే ఇస్తానని యాదమ్మ దేవునికి మొక్కుబడి చేసుకుంది. ఇన్నేళ్లకు అది తీరుతోందని ఆమె ఏడుపు. ఆ ఏడుపు చూశాక, పుస్తకం కోసమమ్మా అని చెప్పడానికి ఐలేశ్‌కు నోరు పెగల్లేదు. ముందుకు లాక్కుపోయారు. సేవకు అభిషేకమని తల మీద నూనె పోశారు. నూనె కళ్లలోకి కారుతుంటే వెనక్కి చూశాడు. షారోను పుస్తకాలను పెట్టెలోకి విసిరికొడుతోంది.

మర్నాడు ఆమే షాపుకొచ్చింది. ఉపవాసం పుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఉంచుమన్నవ్ గద. తీస్కో."

"షారోనూ, అలిగినవా?"

"పాస్టర్లతోని నాకు అలక లేదు. పెండ్లి గూడ లేదు."

పెళ్లి అన్న మాట ఆమె నోట వచ్చినందుకు ఐలేశ్ ముందు ఎగిరి గంతేయబోయి, 'లేదు' అన్నది గుర్తొచ్చి ఆగాడు.

"దేవుని మీద నాకు కోపం లేదు," అంది షారోను. "గాని మా ఇంట్ల చాయ్ గిన్నె పొయ్యి దిగి ఎరుగదు. నా మంచంల నాకంటె వచ్చిపోయే సువార్తికులే ఎక్కువ పండుకున్నరు. నా పుట్టినరోజు ఎప్పుడూ ఉపవాస కూడిక నాడే వస్తది, పొద్దుమీకెదాక కేకు మొఖం చూస్కుంట కూసోవాలె. పాస్టరమ్మ బతుకు మా అమ్మ బతికింది, చాలు. నేను పాస్టర్ను చేస్కోనని ఎన్నడో చెప్పిన."

"అయ్యో, నేను చెయ్యెత్తింది పుస్తకం కోసం! నీ కోసం!"

ఆమె మొహం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే గంభీరమైంది. "నాకు చెప్పుడు గాదు. మా బాపుకు చెప్పు. ఆదివారం సంఘం ముందట నిన్ను బైబిల్ ట్రైనింగుకు పంపుతున్నమని చెప్తడట. అప్పటికి చెప్పకుంటే ఇగ అంతే."

"అమ్మ ఏడుస్తది."

"అయితే పాస్టర్‌వై పో!"

వెళ్లిపోయింది. ఐలేశ్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ పిల్ల లేకుండా బతుకు ఉప్పులేని పప్పని తెలుస్తూనే ఉంది. తల్లి మొహం గుర్తొస్తే మాత్రం నోటికి తాళం పడుతోంది.

బుధవారం సంఘ పెద్ద కొమురయ్య ఇంట్లో గృహ కూడిక. ఈ రోజు చెప్పేద్దామని గుండె గట్టి చేసుకుని పోయాడు. చెప్పులు విప్పకముందే పాస్టర్‌గారు భుజం మీద చెయ్యేశారు.

"ఇయ్యాల వాక్యం మన ఐలేశ్ చెప్తడు!"

ఐలేశ్ చెమటలు కక్కాడు. ఏం చెప్పాలో తెలియక తెలిసిందే చెప్పాడు. "మోటర్ కాలిపోతదనుకోండ్రి. మీద రంగేస్తె నడుస్తదా? నడువది. లోపలి తీగ తీసి కొత్తది చుట్టాలె. సంఘం గూడ గంతే. రంగుటెంటు కడితె సంఘం బాగుపడ్డట్టు గాదు."

"ఆమేన్!" అని ఇల్లు దద్దరిల్లింది. కొమురయ్య లేచి కౌగిలించుకున్నాడు. పాస్టర్‌గారు కళ్లు తుడుచుకుని, ఈ పిల్లగానికి వరమున్నదన్నారు. యాదమ్మ అందరికీ చాయ్ పోస్తూ, కొడుకు దగ్గరకొచ్చేసరికి గ్లాసు పొంగిపొర్లించింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ షారోను తల పట్టుకుంది. బురదలో దిగబడినవాడు కాళ్లు కొట్టుకుంటే ఇంకా దిగుతాడంటారే, అదిగో అలా అయింది ఐలేశ్ పని.

దిక్కుతోచక ఆ వారం షాపులో కూర్చుని లావుపాటి ఉజ్జీవం పుస్తకం నిజంగానే చదివాడు. అందులో ఒక మాట అతని గొంతులో ముల్లులా దిగింది. పాటలు పెరిగినంత మాత్రాన సంఘం బాగుపడదు, ఒకరితో ఒకరు అబద్ధమాడటం మానితే బాగుపడుతుంది అని ఉంది. ఐలేశ్ పుస్తకం మూసి, "గీమె నాకు కావాలనే గిది ఇచ్చినట్టున్నది," అని గొణుక్కున్నాడు. తల్లికి అబద్ధపు కొడుకును ఇస్తున్నానని సిగ్గేసింది.

ఆదివారం ఆరాధనలో, ఎవరి అనుభవం వాళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. పాస్టర్‌గారు పేరు పిలవకముందే ఐలేశ్ లేచి మైకు పట్టుకున్నాడు. మైకు కీచుమంది.

"అయ్యగారు, నేను చెయ్యెత్తింది సేవకు గాదు."

"మరి దేనికి?"

"షారోనుకు."

కొమురయ్య ఆమేన్ అనబోయి ఆగిపోయాడు.

"ఏ షారోనుకు?" అన్నారు పాస్టర్‌గారు, నమ్మలేక.

"రేగొండంత వెతికినా ఇంకో షారోను లేదయ్యగారు."

పాస్టర్‌గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "అందరు కళ్లు మూసుకున్నరు గద. ఆమె నీకెట్ల కనవడ్డది?"

"నేను తెరిచిన. ఆమె పుస్తకం చూపెట్టి ఉంచనా అన్నది. ఉంచుమని చెయ్యి ఊపిన."

సోమనర్సయ్యగారు నెమ్మదిగా ఆడవాళ్ల వైపు తిరిగారు. "అంటె నువ్వు గూడ తెరిచినవా బిడ్డా?"

షారోను లేచింది. చెవులు ఎర్రబడ్డాయి. "తెరిచిన బాపు. మూడు దినాలు తెరిచే ఉన్న."

"ప్రార్థనల గూడనా!"

"ప్రార్థనలనే ఎక్కువ. అప్పుడైతె ఎవ్వలు చూడరు గద."

వెనుక కుర్రాళ్లు పడి పడి నవ్వారు. నవ్వు ఒక్కసారిగా ఆగింది, ఎందుకంటే యాదమ్మ లేచి కొడుకు దగ్గరికి నడిచొస్తోంది. ఐలేశ్‌కు ఇప్పుడు నిజంగా భయమేసింది.

"నాకెందుకు చెప్పలే?" అంది ఆమె.

"నువ్వు ఏడుస్తవని అమ్మా."

"ఇప్పుడు ఏడుస్తలేనా?" వీపు మీద ఒక్కటి చరిచింది. మైకులో ఫట్‌మని వినపడింది. "మొక్కుకున్నది నేను. నిన్ను అడిగి మొక్కుకున్ననా? మనసు లేని కొడుకును ఇస్తే దేవుడు మాత్రం ఏం చేస్కుంటడురా?" కొంగుతో కళ్లు ఒత్తుకుని పాస్టర్‌గారి వైపు తిరిగింది. "అయ్యగారు, నేను వీన్ని దేవునికిచ్చిన. దేవుడు తీస్కపోయి మీ బిడ్డకిచ్చిండు. నడుమ నేనేం జెయ్యాలె? పిల్లనియ్యుండ్రి."

సోమనర్సయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. "సేవకుడు దొరికిండని వారమంత సంబరపడితి," అన్నారు. "వచ్చింది అల్లుడాయె!" తర్వాత ఆయనకే నవ్వాగలేదు. కొమురయ్య అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నాడు.

"ఆగుండ్రి," అంది షారోను. "నేనింక సరే అనలే."

అందరూ ఆమె వైపు తిరిగారు. పాస్టర్‌గారే మైకు ఆమె చేతికిచ్చి, "నీ ఇష్టం బిడ్డా, ఉన్నదున్నట్టు చెప్పు," అన్నారు.

షారోను ఐలేశ్‌ను కిందినుంచి పైదాకా చూసింది. ఆదివారపు తెల్లచొక్కా, నిజం చెప్పి చెమటతో మెరుస్తున్న మొహం. ఇంత పిరికివాడు తన కోసం ఇంత జనం ముందు నిలబడ్డాడని ఆమె కడుపు నిండిపోయింది.

"సరే," అంది.

చర్చి పైనున్న లౌడ్ స్పీకర్ ఆపడం ఎవరికీ గుర్తులేదు. ఆ సరే బస్టాండు దాకా వినపడింది. భూపాలపల్లి బస్సు కోసం నిలబడ్డవాళ్లు దేనికి సరేనో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.