ప్లాస్టిక్ చొక్కా తొడుక్కున్న ఫోను

“టింగ్,” అంది ఫోను.

తస్నీమ్ లెక్కలు ఆపి, హ్యాండ్‌సెట్‌ను తీసుకెళ్ళి ఛార్జింగ్ స్టాండులో పెట్టింది. ఎర్రదీపం వెలగలేదు. నిన్న సాయంత్రం కూడా వెలగలేదు.

అమ్మకి చెబుదామా అనుకుంది. కానీ అమ్మ ఒక ఏడుపు పిల్లాణ్ణి బరువు తూచే మిషను మీద నిలబెట్టే పనిలో ఉంది. పైగా నిన్న ఆ ఫోనుని అందరికీ చూపించి మురిసిపోయింది కూడా అమ్మే.

డాక్టర్ మక్రమ్ పిల్లల డాక్టరు. తస్నీమ్ వాళ్ళమ్మ నగ్లా ఆయన క్లినిక్‌లో రిసెప్షనిస్టు. కొత్త కార్డ్‌లెస్ ఫోను వచ్చి మూడు రోజులైంది. వచ్చిన రోజే దాని తెల్లటి ఒంటి మీద పెన్ను గీత పడింది. తస్నీమ్‌కి ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో నానమ్మ టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తుంది. ఆరేళ్ళయినా దాని మీద ఒక్క అంకె చెరగలేదు. అందుకే నిన్న వంటింట్లోంచి పల్చటి ప్లాస్టిక్ తెచ్చి, హ్యాండ్‌సెట్‌కి తల నుంచి కాళ్ళ దాకా మూడు చుట్లు చుట్టింది.

“నా కూతురు పనిమంతురాలు!” అంది అమ్మ.

ఇప్పుడు ఫోను మోగింది. అమ్మ ఎత్తింది.

“ఎవరూ? యూసఫ్ వాళ్ళమ్మా? మందుల చీటీ మీద టీ ఒలికిందా? ఉండు, డాక్టరు గారికిస్తా.”

లోపలి గది తలుపు తెరిచే ఉంది. డాక్టరు గారి మాటలు తస్నీమ్‌కి వినబడుతున్నాయి.

“కంగారు పడకమ్మా. ఇద్దరికీ మందు ఒకటే. కొలతే వేరు. పెద్ద చెంచాడు పొయ్యాల్సింది... హలో? హలో!”

ఫోను ఆరిపోయింది.

డాక్టరు గారు గదిలోంచి పరుగున వచ్చారు. “పెద్ద చెంచా యూసఫ్‌కి! వాడి చెల్లెలికి ఏడు నెలలు, దానికి డ్రాపరుతోనే. ఆవిడ సగమే విని ఉంటుంది. నంబరుందా నగ్లా?”

“లేదండీ. చీటీ మీద అచ్చేసిన మన నంబరే ఆవిడ దగ్గరుంది.”

అంతలో స్టాండు మోగడం మొదలుపెట్టింది. అమ్మ హ్యాండ్‌సెట్ మీద మీటలన్నీ నొక్కింది. అది పలకలేదు.

“రాత్రంతా స్టాండులోనే ఉందే! ఏమైంది దీనికి?”

తస్నీమ్ లేచి వచ్చింది. “అమ్మా, నిన్నటి నుంచీ దీపం వెలగట్లేదు. నేను చూశాను. చెప్పలేదు.”

ఆమె గబగబా ప్లాస్టిక్‌ను చించేసింది. అడుగున రెండు చిన్న ఇత్తడి రేకులు బయటపడ్డాయి. స్టాండులో పెట్టగానే ఎర్రదీపం వెలిగింది.

“అదీ సంగతి! రేకులకి ప్లాస్టిక్ అడ్డం పడిందన్నమాట,” అన్నారు డాక్టరు గారు. “కానీ దీనికి ప్రాణం రావడానికి టైము పడుతుంది.”

మోత ఆగిపోయింది.

తస్నీమ్ అప్పటికే గుమ్మం దాటింది. పక్కనే గాబిర్ బాబాయ్ ఇస్త్రీ దుకాణం.

“బాబాయ్! నీ తీగ ఫోను కావాలి! చంటిపాపకి మందు!”

గాబిర్ బాబాయ్ ఇంకేమీ అడగలేదు. ఫోను పీకి చేతిలో పెట్టాడు. అమ్మ స్టాండుకున్న తీగను గోడలోంచి లాగి, పాత ఫోను తీగను పెట్టింది.

అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఏడుస్తున్న పిల్లాడు కూడా ఏడుపు ఆపేశాడు.

ట్రింగ్!

“హలో! అమ్మా, పాపకి మందు పోశావా?” అని అరిచారు డాక్టరు గారు.

“ఎక్కడండీ! చెంచాలో పోసి పట్టుకుని కూర్చున్నా. మీరు మాట సగంలో ఆపేశారు, నాకేమో చెయ్యి రాలేదు.”

డాక్టరు గారు కుర్చీలో కూలబడ్డారు. “ఆ చెయ్యి చల్లగుండ! అది యూసఫ్‌కి పొయ్యి. పాపకి డ్రాపరుతో. డ్రాపరు మీద మొదటి గీత దాకా. ఏదీ, నాకు తిరిగి చెప్పు.”

ఆవిడ తిరిగి చెప్పింది. అమ్మ “అల్‌హందులిల్లాహ్” అంటూ తస్నీమ్‌ను దగ్గరికి లాక్కుంది. తస్నీమ్ అప్పుడు ఏడ్చింది.

వెనకే వచ్చిన గాబిర్ బాబాయ్ కింద పడున్న ప్లాస్టిక్ చూసి నవ్వాడు. “నా ఫోను చూడవే పిల్లా. ముప్పై ఏళ్ళది. ఇస్త్రీపెట్టె రెండుసార్లు మీద పడింది. ఒంటి మీద గుడ్డముక్క లేదు. అయినా ఎలా కూస్తోందో!”

నాలుగు రోజుల తర్వాత యూసఫ్ వాళ్ళమ్మ పిల్లల్ని చూపించడానికి వచ్చింది. జ్వరాలు తగ్గాయి. పాప బల్ల మీదికి వంగి హ్యాండ్‌సెట్ లాక్కుని నోట్లో పెట్టుకుంది.

“అయ్యో, కొత్త ఫోను!” అంది వాళ్ళమ్మ.

“ఫరవాలేదు పిన్నీ, కాసేపు ఆడుకోనీ,” అంది తస్నీమ్.

పాపకి విసుగు పుట్టాక, తస్నీమ్ ఫోనుని గౌను అంచుతో తుడిచింది. దాని మీద చిన్న పంటి గాటు పడింది. దాన్ని స్టాండులో పెట్టి, వంగి చూసింది.

దీపం వెలగలేదు.

“అమ్మా, ఇంకా వెలగలేదు!” అని గట్టిగా చెప్పింది. రేకుల మీది తడిని మళ్ళీ తుడిచి పెట్టింది.

ఎర్రగా వెలిగింది. అప్పుడు వెళ్ళి లెక్కల పుస్తకం తెరిచింది.