మంటమూత

మిర్చి యార్డులో ఎవరూ తుమ్మడం లేదు. మూడేళ్ల కిందటైతే ఇక్కడ అడుగుపెట్టిన మనిషికి కళ్లూ ముక్కూ ఏకధారగా కారేవి. తొడిమలు తీసే ఆడవాళ్లు ఇంటికెళ్లి చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేవారు. ఇప్పుడు చూడండి, ఎర్రటి గుట్టల మధ్య ముక్కుకు గుడ్డయినా లేకుండా కబుర్లాడుకుంటున్నారు. అంతా 'మంటమూత' చలవ. మెడ వెనక ఒక్క సూది, అంతే.

లిఖితమ్మ నిన్ననే వేయించుకుంది. ముప్పయ్యేళ్లుగా మండిన చేతులు ఇవాళ మండకపోయేసరికి ఆమె ఏడ్చినంత పని చేసింది. "ఇంత సుఖమని తెలిస్తే మా కోడలితో పాటే పొడిపించుకునేదాన్ని," అంది. కోడలు నిర్విక రెండేళ్ల కిందటే వేయించుకుంది.

సూది వేసే ముందు డాక్టరు వివరంగానే చెప్పాడు. నరాల కొసల్లో చిన్న తలుపుల్లాంటివి ఉంటాయట. కారం తగిలినా, వేడి తగిలినా తెరుచుకునేవి అవే. వాటిని మూసేస్తే రెండూ తెలియవు. "పొయ్యి దగ్గర జాగ్రత్తమ్మా," అని, గిన్నెకు ఆనిస్తే రంగు మారే 'వేడిచూపు కడ్డీ' ఒకటి చేతిలో పెట్టాడు. వంట గురించి అడిగాడు, చుట్ట తాగే అలవాటుందా అనీ అడిగాడు. ఇంట్లో పసిబిడ్డకు నీళ్లు పోసేదెవరని మాత్రం అడగలేదు. పాపం, ఆయనకెలా తడుతుంది!

ఆ పని లిఖితమ్మది. కాళ్లు బార చాపి, రెండు నెలల మనవరాలిని వాటి మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది. వేడి తెలియని నిర్విక ఆ నీళ్లు చూసే జోలికే వెళ్లేది కాదు. అత్త చెయ్యి ఉందిగా అని ఆమె ధీమా.

ఆ సాయంత్రం లిఖితమ్మ అలవాటుగా బకెట్లో మోచెయ్యి ముంచింది.

"చల్లారిపోయినయ్యే. ఇంకో చెంబు వేణ్ణీళ్లు పొయ్యి."

నిర్విక పోసింది.

"ఇంకాస్త."

మళ్లీ పోసింది. పసిబిడ్డ నీళ్లకు ఆవిరి రోజూ ఉండేదే.

మొదటి చెంబుకే పాప కెవ్వుమంది. "ఏడవనీలే, గొంతు బలపడుద్ది," అంటూ లిఖితమ్మ రెండోది ఎత్తి పోసింది. నీళ్లు ఆమె కాళ్ల మీదుగానే పారాయి. ఆమెకు ఏమీ అనిపించలేదు. పాప ఏడుపు మధ్యలో ఆగిపోయి, నోరు తెరుచుకునే ఉండిపోయింది. అప్పుడు నిర్విక చూసింది. పాప పొట్టా, అత్త మోకాళ్లూ ఒకేలా కమిలిపోయి ఉన్నాయి.

"అత్తా, ఆపు! నీ కాళ్లు చూసుకో!"

మూడో రోజుకు పాపకు గండం గడిచిందన్నారు ఆసుపత్రిలో. లిఖితమ్మ కాళ్లకు కట్లతో వార్డు బయట బల్ల మీద కూర్చుని కనపడిన డాక్టరునల్లా పట్టుకుంది.

"నాకు రవ్వంత నొప్పి తెలిసినా ఆపేదాన్ని బాబూ. ఆ తలుపు మళ్లీ తెరవండయ్యా."

"తెరవడం ఇంకా ఎవరికీ తెలీదమ్మా," అన్నాడు ఒకాయన.

నాలుగో రోజు పొద్దున నర్సు పాపను తెచ్చి నిర్విక ఒళ్లో పెట్టింది.

"ఇందాక కాస్త ఒళ్లు వెచ్చబడింది. తగ్గిందేమో చెయ్యేసి చూడమ్మా."

ఏ తల్లితోనైనా అనే మాటే. నిర్విక పాప నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. మెత్తగా తగిలింది. చెయ్యి తిప్పి పెట్టింది. చెంప ఆనించింది. కన్న రోజు నుంచీ బిడ్డ ఒంటి వెచ్చదనం తనకు తెలియనే తెలియదని అప్పుడు తట్టింది. దుఃఖం ముంచుకొచ్చింది.

"నువ్వే చూసి చెప్పక్కా," అంది, పాప నుదుటి మీంచి చెయ్యి తీయకుండానే.