పాలతల్లి కోరిక

ఆ ఉదయం ఈపాన్ చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. రెండు కుండల నది నీళ్లు తేవాలి. ఎండుచేపలు కాల్చాలి. చింతచిగురు పులుసు కాచాలి. ఏడో రోజు భోజనానికి వచ్చే అయిదుగురు భిక్షువులకు చాపలు పరచాలి. చనిపోయిన కొడుకు తోన్ పేర లక్క పళ్లెంలో అన్నం వడ్డించి, పక్కన పువ్వు పెట్టి, గుమ్మానికి ఎదురుగా ఉంచాలి. భిక్షువులు నీళ్లు ధారపోయించి పోయినవాణ్ణి సాగనంపేదాకా ఆ పళ్లెం ఎవరూ ముట్టకూడదు. ఇవన్నీ అయ్యేలోగా కోడలు లున్‌తో మాట్లాడి, ఆమె ఇల్లు విడిచి వెళ్లకుండా ఆపాలి.

లున్ అప్పటికే మూట కట్టేసింది. మధ్యాహ్నం ఆమె అన్న బండి కట్టుకుని వస్తాడు. రెండేళ్ల కూతురు మ్యాని తీసుకుని పుట్టింటికి పోతుంది. తోన్ పోయాక ఈపాన్‌కి మిగిలింది వాళ్లిద్దరే.

ఐరావతి నది ఒడ్డున ఆ ఊరు ఇటుకబట్టీలకు పేరు. రాజు తన పేర గుడి మొదలుపెట్టి అందర్నీ ఇటుకల వెట్టికి లాగినప్పటి నుంచి ఆ ఊళ్లో మగవాళ్లెవరూ పొలం మొహం చూడలేదు. రెండు వానాకాలాలు నాట్లు లేకుండా పోయాయి. అందుకే మూడు రోజుల క్రితం రాజు తమ్ముడు సైన్యంతో కోటలోకి వచ్చాడని, రాజు దొడ్డిదారిన పారిపోయాడని తెలిసినప్పుడు ఊరంతా కల్లు తాగి ఆడింది. ఈపాన్ మాత్రం తలుపు వేసుకుని కూర్చుంది. ఆ రాజుకు పాలిచ్చి పెంచింది ఆమే.

రాజకుమారుడికి పాలిచ్చిన స్త్రీకి ఆ దేశంలో ఒక హక్కు ఉంది. జీవితంలో ఒక్కసారి, ఒక్క కోరిక అడగవచ్చు. రాజు కాదనకూడదు. ఈపాన్ ముప్పై ఏళ్లుగా ఆ కోరికను దాచుకుంది. అత్తాకోడళ్ల గొడవంతా అక్కడే ఉంది.

పసిపిల్లకి ఎండ తగులుతుందని, నాలుగు రోజులు ఆగి వెళ్లమని ఈపాన్ బతిమాలింది. లున్ చింతచిగురు దూస్తూ తల ఎత్తలేదు.

"ఆగితే ఏమొస్తుంది అత్తమ్మా? ఆయన నాలుగు రోజులు జ్వరంతో బట్టీ పక్కన పడున్నాడు. ఇంటికి పంపమని రాజుని అడగండని మీ కాళ్లు పట్టుకున్నాను. ఏమన్నారు?"

ఈపాన్ పొయ్యి మీది చేపలు తిరగేసింది.

"నేను చెప్తాను. జ్వరానికే వాడేస్తే రేపు యుద్ధానికి పిలిచినప్పుడు ఏం చేస్తామన్నారు. బాగా దాచారు. ఇక దాన్ని జాడీలో ఊరేసుకోండి. ఏడాదంతా నంజుకోవచ్చు."

కొడుక్కి పెద్ద ఆపద వస్తే అడగాలనే ఈపాన్ ఆ కోరిక దాచింది. జ్వరం కూడా పెద్ద ఆపదేనని ఆమెకు తట్టలేదు. అయిదో రోజు ఆమె కోటకి బయలుదేరేసరికే శవం ఎదురొచ్చింది.

తోన్ పళ్లెం వడ్డించి, పెరట్లో పొయ్యి మీదున్న పులుసు దించి, ముంత పట్టుకుని ఆమె ముందు గదిలోకి వచ్చింది. పడవవాడి మాసిన పంచె కట్టుకున్న మనిషి ఒకడు ఆ పళ్లెం ముందు కూర్చుని గబగబా తింటున్నాడు. బంగారు కమ్మలు తీసేసిన చెవి తమ్మెలు ఖాళీగా వేలాడుతున్నాయి. ఒక చేత్తో తింటూ రెండో చేత్తో చెవి మెలిపెట్టుకుంటున్నాడు. పసి రాజకుమారుడిగా పాలు తాగేటప్పుడు కూడా అంతే చేసేవాడు.

"పాలమ్మా, పులుసేదీ?" అన్నాడు.

అతను తింటూనే తన కష్టాలు చెప్పుకున్నాడు. తెడ్డు వేసేవాళ్లిద్దరూ దారిలోనే నదిలో దూకి పారిపోయారట. సేనాపతి తమ్ముడితో కలిశాడట. పొద్దుగూకేదాకా పాత బట్టీలో దాచి, తరువాత ఒక పడవ చూసిపెట్టమన్నాడు. తన తప్పేమిటో అతనికి నిజంగానే తెలియడం లేదు. గుడి పుణ్యంలో జనానికంతటికీ వాటా ఇస్తానని దేవుడి ఎదుట చెప్పానే, ఇంకేం కావాలి వీళ్లకి అన్నాడు.

మ్యాని చంకనెత్తుకుని లున్ గుమ్మంలో నిలబడింది. బంగారం బరువుకి సాగిన ఆ చెవి తమ్మెలు చూసి ఎవరో ఆమె పోల్చుకుంది. గొంతు పెంచలేదు.

"అదెవరి పళ్లెమో తెలుసా?"

"పువ్వు పెట్టి ఉంది కదా. నాకే అనుకున్నాను." కోటలో పువ్వు పెట్టిన పళ్లెం ఎప్పుడూ అతనిదే.

"మా ఆయనది. తోన్‌ది."

రాజు ఈపాన్ వైపు చూశాడు. "తోన్ ఎవరు పాలమ్మా?"

ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు. ఒకే చాప మీద పాకారు. రాజకుమారుడు కడుపునిండా తాగి వదిలితేనే తోన్ నోటికి పాలు. ఒక్కో రోజు చుక్క మిగిలేది కాదు, అప్పుడు గంజినీళ్లు పట్టి నిద్రపుచ్చేది. అది తన కొడుక్కి వచ్చిన భాగ్యమనే ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు చచ్చినవాడి మెతుకులు కూడా అతనే తింటున్నాడు.

పులుసు ముంత కింద పెట్టి, "నాకొక కోరిక ఉంది కదా," అంది.

రాజు మొహం తేటపడింది. "అడుగు. నా రాజ్యం నాకు రానీ..."

"ఇప్పుడే అడుగుతున్నా. నా కొడుకు పళ్లెం ముందు నుంచి లే."

"ఆకలేస్తోందమ్మా," అన్నాడు మెల్లిగా.

"తెలుసు."

లేచాడు. చేతిలోని ముద్ద పళ్లెంలో వదిలేసి, చెయ్యి పంచెకి తుడుచుకుంటూ మెట్లు దిగి రేవు వైపు వెళ్లాడు.

మధ్యాహ్నం దాటితే భిక్షువులు తినరు. ఇద్దరూ మాటల్లేకుండా పళ్లెం కడిగారు, మళ్లీ అన్నం వండారు. భిక్షువులు తిని, ఈపాన్ నీళ్లు ధారపోస్తుండగా రేవు దగ్గర గుర్రాల చప్పుడు, ఆ వెంటనే రాజు దొరికాడంటూ జనం కేరింతలు వినిపించాయి. ధార తప్పి నీళ్లు చాప మీద పడ్డాయి. పెద్ద భిక్షువు కళ్లు మూసుకున్నాడు.

బండి వచ్చింది. మూట తీసుకోబోయిన లున్‌కి పెరట్లో అలికిడి వినిపించింది. ఈపాన్ బానల వెనక కూర్చుని, పైగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఎవరికోసం అత్తమ్మా?"

అబద్ధం చెప్పే శక్తి ఆమెకు లేదు. "తింటున్నవాణ్ణి లేపేశాను. ఆకలితో పంపేశాను లున్."

లున్‌కి ఒళ్లు మండింది. తన మొగుణ్ణి చంపినవాడి కోసం ఏడుస్తోందీ మనిషి. ఒక మాట అందామని నోరు తెరిచింది. నోట్లో గుడ్డతో, చప్పుడు రాకుండా ఎగిసిపడుతున్న ఆ ముసలి భుజాలు చూసింది. కూతుర్ని చంక నుంచి దింపి పక్కన కూలబడింది.

"ఆ గుడ్డ తీసేయండి. గట్టిగానే ఏడవండి," అంది చివరికి. "నా మొగుడికోసం ఏడవడానికి నేనున్నాను. అతనికి మీరు తప్ప ఎవరున్నారు?"

ఈపాన్ కోడలి ఒళ్లో తల పెట్టుకుంది. తరువాత లున్ లేచి వెళ్లి, ఎద్దులని విప్పి నీళ్లు పెట్టమని అన్నకి చెప్పింది.

రాజుల్ని తలచుకోవడానికి చాలామంది ఉన్నారు, తిట్టుకోవడానికైనా సరే. తోన్‌ని తలచుకునే వాళ్లు ఒక్క ఇంట్లోనే ఉన్నారు. అతను ఇటుకలు మోశాడు. కూతురు పుట్టిన రోజు వీధిలో వాళ్లందరికీ తాటిబెల్లం పంచాడు. ముప్పై ఏళ్లకే జ్వరంతో, ఇంటికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో పోయాడు. ఈ కథ చదివినవాళ్లు ఎప్పుడైనా ఒకసారి అతన్ని గుర్తుచేసుకోండి.