కాలవ వంతెన కింద చెయ్యి

పారిస్‌లోకి కాలవ గట్టున సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాళ్లకు ఊరి మొదట్లో ఒక పాత వంతెన తగులుతుందట. పొద్దుగూకాక దాని కింద ఎవరూ పోరు. నీళ్లలోంచి చెయ్యి లేచి, పిక్క పట్టుకుని కాలవలోకి లాగేస్తుందని చెప్పుకుంటారు. అంత పేరున్న పట్నానికి ఇదా గుమ్మం అని మీరు ముక్కున వేలేసుకోవచ్చు. మన మహేంద్ర మాత్రం ముక్కే మూసుకున్నాడు.

అతనిది హోసూరు పక్క మూకండపల్లి. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, సైకిలు మీద దేశాలు దాటుకుంటూ అక్కడిదాకా పోయాడు. పారిస్‌లోనే ఉండే పెద్దమ్మ కూతురు అర్పిత ఫోన్‌లో ముందే హెచ్చరించింది.

"ఆడ మాత్రం దిగొద్దన్నా. పైరోడ్డులోనే రా."

పైరోడ్డు మన కుందారపల్లి హైవేకి ఏమీ తీసిపోలేదు. లారీ వెనక లారీ. పైన వాన, ముసురుకుంటున్న చీకటి... గట్టు మీదికే దిగాడు.

వంతెన కిందికి రాగానే గుప్పున కంపు. మురుగు కంపు కాదు — ఏదో కుళ్లి, పుల్లబారి, నాలుకకు తగిలే కంపు. ఛీ, దీన్ని చూడ్డానికా ఇంతదూరం వచ్చింది అనుకున్నాడు. ఊపిరి బిగబట్టి తొక్కాడు. కంపు వెనకపడలేదు... వెంటే వస్తోంది.

అప్పుడు తగిలింది పిక్కకు — చల్లగా, జిగటగా... వేళ్లలాగా.

ఇక్కడ పడిపోతే అర్పిత కూడా తనను పైరోడ్డులోనే వెతుకుతుంది. ఇంటి దగ్గర కూతురు సహన గుర్తొచ్చింది. వెనక్కి చూడకుండా తొక్కాడు. గొంతుదాకా వచ్చిన వాంతిని మింగి మరీ తొక్కాడు.

అర్పిత తలుపు తీసింది. అతను రొప్పుతూ చెప్పిందంతా విని, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, సైకిలు సీటు వెనకవైపు వేలు చూపించింది.

బయల్దేరిన రోజు పెద్దమ్మ నంజమ్మ దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు! మన లారీవాళ్లయినా అమావాస్యకు పాతవి తీసి కొత్తవి కడతారు. ఇతగాడు వాటి సంగతే మరిచాడు. వానకు నాని, నల్లగా కుళ్లి, చీము కారినట్టు కారుతున్నాయి. బయట గాలికి తెలియని కంపు వంతెన కింద కమ్ముకుంది, పిక్కకు తగిలిందీ ఆ మిరపకాయలే, అంతే.

"ఇదేనా అన్నా నీ దెయ్యం? మాయమ్మ కట్టిందే కదా."

మహేంద్ర సిగ్గుపడి నవ్వాడు. మొహం చిట్లించుకుని, రెండు వేళ్లతో దారం తెంపబోయి... ఆగిపోయాడు.

దారం బెత్తెడే ఉంది. ఎంత ఊగినా పిక్కకు అందదు.

మెల్లగా కాలు వెలుతురులోకి తిప్పి చూసుకున్నాడు. పిక్క చుట్టూ పచ్చటి పాచి — అయిదు వేళ్లూ స్పష్టంగా, ఇంకా తడిగా.